హన్నా, అన్న, అన్నమ్మ: ఒక హీబ్రూ పేరు నడిచిన దారులు

తెలుగు బైబిలులో లూకా సువార్త రెండో అధ్యాయం చివరి భాగంలో ఒక వృద్ధ ప్రవక్త్రి కనిపిస్తుంది. ఆమె ఆషేరు గోత్రికురాలు, పనూయేలు కుమార్తె. పెళ్లయిన ఏడేళ్లకే భర్తను పోగొట్టుకుని, ఆ తరవాతి జీవితమంతా యెరూషలేము దేవాలయాన్ని విడవకుండా ఉపవాసాలతో, ప్రార్థనలతో గడిపింది. ఆమె పేరు అన్న. పుట తిప్పితే మూడో అధ్యాయం రెండో వచనంలో మరో అన్న ఎదురవుతాడు. ఈయన పురుషుడు, ప్రధానయాజకుడు, కయపకు మామ. ఇంకా వెనక్కి, పాత నిబంధనలోని సమూయేలు మొదటి గ్రంథానికి వెళితే, పిల్లలు లేక కుమిలిపోయిన ఎల్కానా భార్య హన్నా ఉంటుంది. తెలుగులో చదువుతూ పోయేవారికి ఈ ముగ్గురి పేర్లకూ చుట్టరికం ఉందని తోచే అవకాశం తక్కువ. నిజానికి ముగ్గురి పేర్లూ ఒకే హీబ్రూ ధాతువునుంచి వచ్చినవే. అందులోనూ ప్రవక్త్రి పేరు, సమూయేలు తల్లి పేరు వేర్వేరు పేర్లు కావు, అక్షరాలా ఒకటే పేరు. ఒకటి గ్రీకు మీదుగా తిరిగి వచ్చింది, రెండోది హీబ్రూనుంచి నేరుగా వచ్చింది.

పిల్లల పేర్ల పట్టికల్లో హన్నా పక్కన 'కృప' అనో 'దయ' అనో ఒక్క మాట రాసి వదిలేస్తారు. అది తప్పు కాదు గాని, ఆ పేరులో ఉన్నదానిలో సగమే అది చెబుతుంది. మిగతా సగం తెలియాలంటే ముందు ఆ పేరు అక్షరాలను, తరవాత ఆ పేరుగల స్త్రీ కథను చూడాలి.

హీబ్రూలో ఈ పేరును మూడే అక్షరాలతో రాస్తారు: హేత్, నూన్, హే. మొదటి అక్షరమైన హేత్ గొంతు లోపలినుంచి ఒరుసుకుంటూ వచ్చే ధ్వని. చివరి హే దాదాపు పలకదు, ముందున్న అచ్చును దీర్ఘంగా నిలపడానికి మాత్రమే ఉంటుంది. నడుమనున్న నూన్‌ను ద్విత్వంగా పలుకుతారు. తెలుగు లిపిలో ఈ రెండు హకారాలకూ ఉన్నది ఒకటే 'హ'. ఉర్దూ రాయడం వచ్చిన హైదరాబాదువారికి ఈ తేడా సులభంగా పట్టుబడుతుంది. ఆ లిపిలో బడీ హే, ఛోటీ హే అని రెండు అక్షరాలున్నాయి, పలకడంలో తేడా చెరిగిపోయినా రాతలో నిలిచే ఉంది. హన్నా పేరు మొదలయ్యేది బడీ హేతో. తెలుగు బైబిలు అనువాదకులు పదాది ధ్వనిని 'హ'గా, ద్విత్వాన్ని 'న్న'గా, చివరి హేను దీర్ఘంగా మార్చి 'హన్నా' అని రాశారు. మన లిపికి సాధ్యమైనంతలో ఇది చాలా నమ్మకమైన రూపం.

ఈ పేరుకు మూలమైన ధాతువు హ-న-న. అనుగ్రహించడం, కనికరించడం, ప్రతిఫలం ఆశించకుండా మేలు చేయడం దాని ప్రధానార్థాలు. దానినుంచి పుట్టిన నామవాచకం 'హేన్'. హేన్ సాధారణంగా పైనున్నవారినుంచి కిందనున్నవారికి దిగుతుంది. రాజునుంచి సేవకుడికి, యజమానినుంచి పరాయి దేశపు దాసికి, దేవునినుంచి మనిషికి లభిస్తుంది. దాన్ని హక్కుగా అడగడానికి లేదు, ఒప్పందం చూపించి రాబట్టుకోవడానికీ లేదు. హీబ్రూలో దీన్ని చెప్పే పలుకుబడి ఒకటుంది: ఒకరి 'కన్నులలో హేన్ పొందడం'. నోవహు యెహోవా దృష్టియందు కృప పొందాడని ఆదికాండం చెప్పేది ఈ పలుకుబడితోనే. బోయజు పొలంలో పరిగె ఏరుకునే రూతు, పరదేశినైన నేను నీ కంటికి ఎలా ఆనానని ఆశ్చర్యపోయేదీ దీనితోనే. దయను చూపుతో ముడిపెట్టడం తెలుగువారికి కొత్త కాదు. కటాక్షం అంటే కడగంటి చూపే. హేన్‌ను ఒక్క తెలుగు మాటలో చెప్పవలసి వస్తే కృప కంటే కటాక్షమే దాని ఆకృతికి దగ్గర.

హేన్‌కు మరో అర్థం ఉంది: చూసేవారి మనసును ఆకట్టుకునే సొగసు. సామెతల గ్రంథం 31వ అధ్యాయంలో గుణవతి అయిన భార్యను వర్ణిస్తూ 'అందము మోసకరము' అన్నచోట హీబ్రూ మూలంలో ఉన్న మాట హేన్. అనుగ్రహం, ఆ అనుగ్రహాన్ని కలిగించే ఆకర్షణ రెండూ ఒకే మాటలో ఇమిడి ఉన్నాయి. అందువల్ల ఆడపిల్ల పేరుగా హన్నాకు 'సొగసరి' అనే ఛాయ ఉందనడం కల్పన కాదు. అయితే సమూయేలు గ్రంథంలో ఆమె అందం గురించి ఒక్క మాటయినా లేదు కనుక, దయ అనే అర్థమే ముందుకు రావడం సహజం.

పేర్ల పట్టికలు వదిలేసే సగం ఇక్కడే ఉంది. ఇదే ధాతువునుంచి 'తెహిన్నా', 'తహనూనీమ్' అనే మాటలూ పుట్టాయి. వాటికి అర్థం విన్నపం, మొర, దయకోసం చేసే ప్రార్థన. ధాతువును కర్త తనవైపు తిప్పుకునే క్రియారూపంలో పెడితే 'దయ చూపమని వేడుకోవడం' అవుతుంది. ఇచ్చేవాని అనుగ్రహమూ అడిగేవాని అర్థింపూ ఒకే మూడు హల్లుల్లో ఉన్నాయన్నమాట. యూదు స్త్రీలు యూరప్‌లో శతాబ్దాలపాటు యిడ్డిష్ భాషలో చదువుకున్న ఇంటి ప్రార్థనలకు 'త్ఖినెస్' అని పేరు రావడం కూడా ఈ ధాతువువల్లనే. కాబట్టి హన్నా అంటే దయ మాత్రమే కాదు, దయకోసం మొరపెట్టడం కూడా ఆ పేరు పొలిమేరలోనే ఉంది. బైబిలులో ఆ పేరు పెట్టుకున్న స్త్రీ చేసిన పని అదే.

కథ ఎఫ్రాయిము కొండసీమలో మొదలవుతుంది. ఎల్కానాకు ఇద్దరు భార్యలు. పెనిన్నాకు పిల్లలున్నారు, హన్నాకు లేరు. ఏటేటా కుటుంబమంతా షిలోహుకు వెళ్లి బలి అర్పించి, ఆ మాంసాన్ని పంచుకుని తింటుంది. ఆ పంక్తిలోనే పెనిన్నా దెప్పిపొడుపు మొదలవుతుంది, హన్నా తిండి మానేసి ఏడుస్తుంది. 'పదిమంది కొడుకులకంటే నేను నీకు ఎక్కువ కానా' అని భర్త ఓదారుస్తాడు. ఆమె జవాబు చెప్పదు. భోజనాలయ్యాక లేచి మందిరానికి వెళ్లి, కొడుకును ఇస్తే వాణ్ని బతికినన్నాళ్లూ దేవునికే అప్పగిస్తానని మొక్కుకుంటుంది. ఆ ప్రార్థనను కథకుడు చాలా దగ్గరనుంచి చూపిస్తాడు. పెదవులు కదులుతున్నాయి, గొంతు వినబడడం లేదు. గుమ్మం స్తంభం దగ్గర పీఠం మీద కూర్చున్న యాజకుడు ఏలీ ఆమె నోటివంకే చూసి, తాగి వచ్చిందనుకుని మందలిస్తాడు. తాను ద్రాక్షారసం గాని మద్యం గాని ముట్టలేదనీ, యెహోవా సన్నిధిలో తన ఆత్మను కుమ్మరించుకుంటున్నాననీ ఆమె వినయంగానే, తడబడకుండా సమాధానం చెబుతుంది. ఏలీ మాట మార్చుకుని, నీవు అడిగినది దేవుడు దయచేయుగాక అని దీవిస్తాడు.

ఆ దీవెనకు హన్నా ఇచ్చిన జవాబులోనే ఆమె పేరు మెరుస్తుంది. నీ సేవకురాలనైన నాకు నీ కన్నులలో హేన్ దొరుకుగాక అని ఆమె అంటుంది. మొదటి అధ్యాయం 18వ వచనంలో హన్నా నోట హేన్ అనే మాట రావడం హీబ్రూలో వినేవారికి దాటిపోదు. పాత నిబంధన కథకులకు పేర్లతో ఇలా ఆడుకోవడం అలవాటే గాని, వారు మామూలుగా విప్పి చెప్పేది పుట్టిన బిడ్డ పేరు. ఇక్కడా సమూయేలు పేరుకు తల్లి వివరణ ఇస్తుంది: యెహోవాను అడిగి పొందాను కనుక ఆ పేరు పెట్టానని. ఈ వివరణలోని 'అడగడం' అనే ధాతువు సమూయేలుకంటే సౌలు అనే పేరుకు అచ్చంగా సరిపోతుందని పండితులు చాలాకాలంగా గమనిస్తూనే ఉన్నారు. కొడుకు పేరు చుట్టూ అంత చర్చ నడవగా, తల్లి పేరుకు కథకుడు ఏ వివరణా ఇవ్వలేదు. ఆమె చేత ఆ ఒక్క మాట పలికించి ఊరుకున్నాడు. ఆమె ప్రార్థనకు కూడా హ-న-న ధాతువులోని క్రియను కాక మరో క్రియను వాడాడు. పేరును కథకు అంటగట్టాలన్న ఆత్రం లేకుండా, ఆమె నడవడిలోంచే అర్థం తేలేలా చేయడం గొప్ప సంయమనం.

కొడుకు పుట్టి, పాలు మరిచాక, మొక్కుకున్నట్టే ఆమె అతన్ని షిలోహులో వదిలి వెళుతుంది. ప్రతి ఏడూ ఒక చిన్న నిలువుటంగీ కుట్టి పట్టుకెళుతుంది. తరవాత ఆమెకు మరో ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు పుడతారు. రెండో అధ్యాయంలో ఆమె నోట వచ్చే కీర్తన బలవంతుల విల్లు విరగడాన్ని, గొడ్రాలు ఏడుగురిని కనడాన్ని, పేదను పెంటకుప్పమీదినుంచి లేపి ప్రధానుల సరసన కూర్చోబెట్టడాన్ని పాడుతుంది. ఇశ్రాయేలులో ఇంకా రాజే లేని కాలంలో ఆ పాట రాజు ప్రస్తావనతో ముగియడం చూసి, అది వేరే సందర్భంలో పుట్టి ఇక్కడ చేరిందని చాలామంది భావిస్తారు. ఎలా చేరినా, లూకా సువార్తలో యేసు తల్లి మరియ పాడే స్తుతికి నమూనా ఈ పాటే.

యూదు సంప్రదాయం హన్నాకు ఇచ్చిన చోటు చిన్నది కాదు. యూదుల ధర్మవ్యాఖ్యాన గ్రంథమైన తల్మూదు లెక్కించిన ఏడుగురు ప్రవక్త్రులలో, అంటే శారా, మిర్యాము, దెబోరా, హన్నా, అబీగయీలు, హుల్దా, ఎస్తేరులలో ఆమె ఒకతె. ప్రార్థన ఎలా చేయాలన్నదానికి రబ్బీలు, అంటే యూదు మతగురువులు, ప్రమాణంగా తీసుకున్నది ఏ రాజునో యాజకుణ్నో కాదు, ఈ స్త్రీనే. మనసు నిలపాలి, పెదవులతో పలకాలి, గొంతు పెంచకూడదు, మత్తులో ప్రార్థించకూడదు అనే నియమాలన్నీ ఆమె నిలుచున్న తీరునుంచే తీశారు. యూదుల కొత్త సంవత్సరమైన రోష్ హషానా మొదటి రోజున ప్రార్థనామందిరాల్లో ప్రవక్తల గ్రంథాలనుంచి చదివే భాగం హన్నా కథే. ఇంకో ముచ్చట కూడా ఉంది. స్త్రీలకు ప్రత్యేకంగా అప్పగించిన మూడు విధుల హీబ్రూ పేర్లలోని మొదటి అక్షరాలు కలిపితే హేత్, నూన్, హే వస్తాయి. ఇది పేరు పుట్టుకకు సంబంధించిన విషయం కాదు, తరవాతివారు భక్తితో చదువుకున్న అర్థం. అయినా ఒక పేరు సమాజంలో ఎంత లోతుగా నాటుకుందో చెప్పడానికి ఇలాంటివి బాగా పనికొస్తాయి.

వ్యుత్పత్తి విషయానికి మళ్లీ వస్తే, హన్నా ఒంటరి పేరు కాదు. బైబిలులో హ-న-న ధాతువుతో మగవారి పేర్లు చాలా ఉన్నాయి, అందులో ఎక్కువ భాగం చిన్న వాక్యాలు. హనన్యా అంటే యెహోవా కనికరించాడు. యోహానాను అన్నా అదే, పదాల వరస మాత్రమే మారింది. ఈ యోహానానే గ్రీకు, లాటిన్‌ల మీదుగా తెలుగులో యోహాను అయింది. హనన్యేలు, ఎల్హానాను అనే పేర్లలో యెహోవా బదులు 'ఏల్' అనే దైవనామం ఉంది. లూకా మూడో అధ్యాయంలోని ప్రధానయాజకుడు అన్న అసలు పేరు హానాన్, అంటే ఆ వాక్యంలోంచి దేవుని పేరు రాలిపోగా మిగిలిన క్రియ. స్త్రీల పేర్లలో దైవనామం చేర్చడం బైబిలులో అరుదు. హన్నా కూడా అలా కుదించిన వాక్యమేననీ, '(దేవుడు) కనికరించాడు' అన్నదే దాని అసలు భావమనీ తలచేవారున్నారు. అలా చూస్తే అది ఒక గుణాన్ని చెప్పే పేరుగా కాక, ఆడపిల్ల పుట్టినప్పుడు తల్లిదండ్రులు కృతజ్ఞతతో చెప్పుకున్న మాటగా మారుతుంది. నామవాచకం, కుదించిన వాక్యం అనే రెండు వివరణల్లో రెండోదే ఆ కాలపు నామకరణ పద్ధతికి ఎక్కువ పొసుగుతుంది. హన్నాకు దైవనామం చేర్చిన స్త్రీరూపం కూడా కొత్త నిబంధనలో ఉంది. లూకా ఎనిమిదో అధ్యాయంలో హేరోదు గృహనిర్వాహకుడైన కూజా భార్య యోహన్న.

ఈ ధాతువు ఇశ్రాయేలీయుల సొంత ఆస్తి కూడా కాదు. రోమును గడగడలాడించిన కార్తేజ్ సేనాని హానిబల్ పేరు ఫినీషియా భాషలో 'బయలు అనుగ్రహం' అనే భావాన్నిస్తుంది. యెహోవా ఉండవలసిన చోట ఫినీషియావారి దేవుడైన బయలు ఉన్నాడు, మిగతా సగం మన హన్నాయే. అదే నగరపు హన్నో అనే పేరూ ఈ కుటుంబానిదే. అరబ్బీలో 'హనాన్' అంటే వాత్సల్యం. ఖురాన్ 19వ అధ్యాయంలో యహ్యా ప్రవక్తకు, అంటే బాప్తిస్మమిచ్చే యోహానుకు, దేవుడు ప్రసాదించినవాటిలో ఒకటిగా 13వ వాక్యంలో ఈ మాటే వస్తుంది. యోహాను హీబ్రూ పేరులో ఉన్న ధాతువు, ఆయన గురించి చెప్పే అరబ్బీ వాక్యంలో మళ్లీ కనిపించడం ఎంతో ఆసక్తికరం. మరియ తల్లిని ఖురాన్ ఇమ్రాన్ భార్య అని మాత్రమే అంటుంది. ముస్లిం వ్యాఖ్యాన సంప్రదాయం ఆమె పేరు హన్నా అని చెబుతుంది.

క్రీస్తు పూర్వపు చివరి శతాబ్దాల్లో హీబ్రూ గ్రంథాలను గ్రీకులోకి తెచ్చినప్పుడు హన్నా మొదటి అక్షరం చిక్కు తెచ్చిపెట్టింది. హేత్‌కు సరిపోయే అక్షరం గ్రీకు లిపిలో లేదు. ఆ ధ్వని జారిపోయి పేరు 'అన్న' అయింది. గ్రీకునుంచి లాటిన్‌కు, అక్కడినుంచి యూరప్ భాషలన్నిటికీ పాకినది ఈ హకారం లేని రూపమే. లూకా రాసింది గ్రీకులో కాబట్టి ఆయన ప్రవక్త్రి కూడా అన్నయే. తెలుగు అనువాదకులు పాత నిబంధనను హీబ్రూ రూపాలతో, కొత్త నిబంధనను గ్రీకు రూపాలతో తెచ్చారు. అందువల్లనే ఒకే పేరు ఒకే పుస్తకంలో రెండు పేర్లుగా నిలిచిపోయింది.

యూరప్‌లో ఈ పేరు వ్యాపించడానికి కారణం లూకాలోని ప్రవక్త్రి కాదు, బైబిలులో అసలు పేరే లేని మరో స్త్రీ. రెండో శతాబ్దంలో పుట్టిన ఒక గ్రీకు రచన, యాకోబు పేరిట ప్రచారమైనది, మరియ తల్లిదండ్రులను యోవాకీము, అన్న అని పిలిచింది. అది బైబిలులో చేరలేదు గాని తూర్పు పడమరల క్రైస్తవులు దాన్ని మక్కువతో చదువుకున్నారు. అందులోని అన్నకు పిల్లలు లేరు. తోటలో చెట్టుమీది పిచ్చుక గూడు చూసి పక్షులకున్న భాగ్యం తనకు లేదని విలపిస్తుంది. దూత వచ్చి బిడ్డ పుడుతుందంటే, మగబిడ్డయినా ఆడబిడ్డయినా దేవునికే అర్పిస్తానంటుంది. మూడేళ్ల మరియను దేవాలయంలో అప్పగించేస్తుంది. ఇది సమూయేలు తల్లి కథకు మరో రూపమని వేరే చెప్పనక్కర్లేదు. ఆ రచయిత కథను తీసుకున్నప్పుడే పేరునూ తీసుకున్నాడని భావించడం సమంజసం. అంటే ప్రపంచంలో అన్నా, ఆన్ అనే పేర్లున్న లెక్కలేనంతమంది, మరియ తల్లి అయిన పునీత అన్నమ్మ పేరు పెట్టుకున్నామనుకుంటూనే షిలోహులో పెదవులు కదిపిన హన్నా పేరును మోస్తున్నారు.

ఆరో శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి కాన్‌స్టాంటినోపుల్‌లో పునీత అన్నమ్మ పేరిట ఆలయం కట్టించాడు. యెరూషలేములో బేతెస్ద కోనేటి పక్కన 12వ శతాబ్దంలో క్రూసేడర్లు కట్టిన ఆలయం ఇప్పటికీ నిలిచి ఉంది. రాజవంశాల పెళ్లిళ్లు ఈ పేరును మరింత దూరం మోసుకెళ్లాయి. పదో శతాబ్దం చివర బైజాంటియం రాకుమారి అన్నా కీవ్ పాలకుడు వ్లాదిమిర్‌ను పెళ్లాడింది. 1051లో కీవ్ రాకుమారి అన్నా ఫ్రాన్సు రాజు మొదటి హెన్రీకి రాణి అయింది. జర్మనీలో పునీత అన్నమ్మ గని కార్మికుల రక్షకురాలు. 1505 జూలైలో ఎర్‌ఫర్ట్ దగ్గర పిడుగుపాటుకు నేలకూలిన మార్టిన్ లూథర్ అనే న్యాయశాస్త్ర విద్యార్థి 'పునీత అన్నా, కాపాడు, సన్యాసినవుతాను' అని మొక్కుకున్నాడు. అతని తండ్రి గనుల వ్యాపారంలో ఉన్నవాడు కాబట్టి ఆ పేరే నోటికి రావడంలో వింత లేదు.

అదే లూథర్ మొదలుపెట్టిన మతసంస్కరణ తరవాతి కాలంలో హన్నాకు తన హకారాన్ని తిరిగి ఇచ్చింది. పునీతుల పూజను వద్దన్నవారు పిల్లల పేర్లకోసం పాత నిబంధనవైపు మళ్లారు. బైబిలు హీబ్రూనుంచి నేరుగా ఇంగ్లీషులోకి రావడంతో సమూయేలు తల్లి పేరు హకారంతో సహా ఇళ్లలోకి వచ్చింది. ఇంగ్లాండులోని ప్యూరిటన్లు అనే తీవ్ర సంస్కరణవాదులు, వారితోపాటు అమెరికా తూర్పు తీరానికి వలసపోయినవారు కూతుళ్లకు హన్నా అని పేరు పెట్టుకున్నారు. అలా ఇంగ్లీషులో ఆన్, హన్నా అనే రెండు పేర్లు పక్కపక్కనే స్థిరపడ్డాయి. మొదటిది కథోలిక సంప్రదాయపు ఆలయం గుండా, రెండోది అచ్చయిన బైబిలు గుండా వచ్చాయి. కొన్ని తరాలు పాతబడినట్టు కనిపించిన హన్నా 20వ శతాబ్దం చివర మళ్లీ లేచింది. అమెరికా ప్రభుత్వపు నవజాత శిశువుల పేర్ల జాబితాలో 1998నుంచి 2000 వరకు ఆడపిల్లల పేర్లలో రెండో స్థానంలో నిలిచింది.

ఈ రెండు రూపాల మధ్య రాకపోకలు కొందరి జీవితాల్లోనే జరిగాయి. 1921లో బుడాపెస్ట్‌లో పుట్టిన ఒక యూదు బాలికను ఇంట్లో అనికో అని పిలిచేవారు. అది హంగేరియన్‌లో అన్నాకు ముద్దుపేరు. 1939లో పాలస్తీనాకు వలస వెళ్లాక ఆమె హన్నా సెనెష్ అయింది, హీబ్రూలో కవిత్వం రాసింది. 1944లో బ్రిటిష్ సైన్యం తరఫున యుగోస్లావియాలో పారాచూట్‌తో దిగి, హంగేరీ సరిహద్దు దాటుతూ పట్టుబడి, ఆ ఏడాది నవంబరు 7న బుడాపెస్ట్‌లో కాల్చివేతకు గురైంది. పేరులో ఒక అక్షరం చేరడం ఆమె విషయంలో ఉచ్చారణ భేదం కాదు, తాను ఎవరో తానే తేల్చి చెప్పుకోవడం. రాజనీతి తత్త్వవేత్త హన్నా అరెంట్ జన్మనామం యొహానా. అంటే దైవనామంతో కూడిన నిండు రూపంతో పుట్టి, కుదించిన రూపంతో ప్రసిద్ధురాలయింది.

తెలుగునాటికి కూడా పేరు ఈ రెండు దారుల్లోనే వచ్చింది. కథోలిక సంఘాల్లో పునీత అన్నమ్మ భక్తి పాతది. ఆమె పండుగ జూలై 26న జరుగుతుంది. గుంటూరు సీమలోని ఫిరంగిపురంలో 19వ శతాబ్దంలో పుట్టిన మదర్ జ్ఞానమ్మ స్థాపించిన కన్యాస్త్రీల సభలకు పునీత అన్నమ్మ పేరే పెట్టారు. అన్నమ్మ అనే పిలుపు తెలుగువారి నోటికి ఇంత సులువుగా పట్టుబడడానికి మరో కారణమూ ఉంది. అన్నపూర్ణను, అన్నాన్ని తలపించే అన్నమ్మ అనే పేరు హిందూ కుటుంబాల్లోనూ ఉన్నదే. ఒక ఊళ్లో ఇద్దరు అన్నమ్మలుంటే ఒకరి పేరు సంస్కృత 'అన్నం'నుంచి, మరొకరి పేరు హీబ్రూ 'హేన్'నుంచి వచ్చి ఉండవచ్చు. పిలుపులో తేడా తెలియదు, ఇంటి సంప్రదాయం తెలిస్తే తప్ప విడదీయలేము. ప్రొటెస్టంటు సంఘాల్లో మాత్రం బైబిలు చదువు ఆధారంగా హన్నా, హన్నమ్మ అనే రూపాలు వాడుకలోకి వచ్చాయి. పేరు మొదట 'హ' ఉందా లేదా అన్నదాన్నిబట్టి ఒక కుటుంబం ఏ సంఘానికి చెందిందో ప్రతిసారీ తేల్చలేకపోయినా, ఆ పేరు ఏ దారిన వచ్చిందో ఊహించవచ్చు.

పోలిక చూసి చుట్టరికం కలపడం ఈ పేరు విషయంలో తరచుగా జరిగే పొరపాటు. జపనీస్‌లో 'హనా' అంటే పువ్వు, కొరియన్‌లో 'హనా' అంటే ఒకటి, అరబ్బీలో ఛోటీ హేతో రాసే 'హనా' అంటే సంతోషం. వీటిలో ఏదీ హీబ్రూ హన్నాకు బంధువు కాదు. యూదుల హనుక్కా పండుగ పేరు కూడా కాదు, అది ప్రతిష్ఠ అనే అర్థమున్న వేరే ధాతువునుంచి పుట్టింది. ఏడుగురు కొడుకులను కళ్లముందే పోగొట్టుకున్న తల్లి కథను హనుక్కా రోజుల్లో తలుచుకుంటారు, ఆమెను హన్నా అని పిలవడం తరవాతి కాలపు అలవాటు. మక్కబీయుల రెండో గ్రంథంలో ఆమెకు పేరే లేదు. స్పానిష్‌లో ఆనాకు ముద్దుపేరు అనీతా, రష్యన్‌లో అన్నాకు ముద్దుపేరు అనూష్కా. మన ఇళ్లలోని అనిత, అనుష్కలు అక్కడినుంచే వచ్చాయని ఆధారం లేకుండా చెప్పకూడదు, సంస్కృతంలోంచి వచ్చాయని బిగించి చెప్పడమూ అంతే తొందరపాటు.

ఇక కృప అనే మాట సంగతి. సమూయేలు గ్రంథంలో హన్నా కోరుకున్న హేన్‌ను తెలుగు బైబిలు కృప అంటుంది. 'ఆయన కృప నిరంతరముండును' అని 136వ కీర్తనలో పదేపదే వచ్చేదీ కృపే, కాని అక్కడ హీబ్రూలో ఉన్నది 'హెసెద్' అనే వేరే మాట. హెసెద్ ఇచ్చిన మాటకు కట్టుబడి ఉండే విశ్వాసం, నిబంధనవల్ల ఏర్పడిన బంధాన్ని నిలుపుకునే ప్రేమ. హేన్‌కు అలాంటి ముందస్తు బంధం అక్కర్లేదు. గ్రీకు అనువాదకులు హేన్‌కు 'ఖారిస్' అనీ, హెసెద్‌కు ఎక్కువగా 'ఎలెయోస్' అనీ రెండు మాటలు వాడి తేడాను నిలిపారు. కొత్త నిబంధనలో పౌలు పత్రికల నిండా ఉన్న కృప ఈ ఖారిసే. తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఆడపిల్లలకు కృప అనీ, మగపిల్లలకు కృపానందం అనీ పేర్లు పెడతారు. వాటిలో పౌలు చెప్పిన ఖారిస్ ఉంది, దాని వెనక హేన్ ఉంది. కనుక కృప అనే పేరును హన్నాకు అనువాదమనడం సబబే. అయితే అది అనుగ్రహాన్ని మాత్రమే తెలుగు చేస్తుంది. అడిగేవారి మొర అనే రెండో సగం కావాలనుకునే తల్లిదండ్రులు బిడ్డకు హన్నా అనే మూలరూపాన్నే పెట్టుకోవాలి.